అడుగుల కాంటా

జ్యోతి అలెన్ కీతో ఆఖరి స్క్రూ విప్పి పచ్చడి సీసా మూతలో వేసింది. మూతలో ఎనిమిది ఉండాలి. వేలితో కదిపి చూసుకుని, ఎవరి కాలూ తగలనంత దూరానికి మూతను జరిపింది. తర్వాత గాజు పలకలు ఎత్తే రబ్బరు పిడిని కుడి బాణం మీద అదిమి, రెండు చేతులతో పలకను పైకి లేపింది. కింద నల్లటి ఇనుప చట్రం, దాని నాలుగు అంచుల వెంట నాలుగు సన్నటి సెన్సర్ పట్టీలు, వాటి నుంచి ఒక మూలకు పోయే తీగలు కనిపించాయి.

“బతికున్నదా బిడ్డా?” అని పుష్పమ్మ అడిగింది.

“ఇప్పుడే పొట్ట కోసిన పెద్దమ్మా. జెర చూడనియ్యి.”

తెల్లాపూర్‌లో ఒక మాల్, దాని రెండో అంతస్తులో గేమింగ్ జోన్. శనివారం పొద్దున పదిన్నర అయింది. జ్యోతి మోకాళ్ల మీద కూర్చున్నది డ్యాన్స్ మిషన్ ముందు. నిలువెత్తు తెర, దాని ముందు నేల మీద నాలుగు బాణాలున్న పీట. పాట మొదలైతే తెర మీద బాణాలు కింది నుంచి పైకి పాకుతూ వస్తాయి. పైనున్న గీతను ఏ బాణం తాకితే, సరిగ్గా ఆ క్షణానికి పీట మీద అదే బాణాన్ని కాలితో తొక్కాలి. తాళం తప్పితే మార్కులు పోతాయి. ఆట అంతే.

పుష్పమ్మ ఆ జోన్‌ను తుడిచి శుభ్రం చేసే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. చేతిలో మాపు కర్ర లేకుండా ఆమెను చూడటం జ్యోతికి అదే మొదటిసారి. మిషన్ చుట్టూ కట్టిన ఎర్ర తాడుకు ఇవతల, కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడి ఉంది. సాయంత్రం నాలుగింటికల్లా ఈ మిషన్ నడవకపోతే రేపటి నుంచి ఆమెకు ఇక్కడ పని లేదు.

గురువారం ఆయుధ పూజ జరిగింది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఆ రోజు పూజ అందని మిషన్ ఉండదు. లేత్‌లకు, ప్రెస్సులకు, బాయిలర్లకు, ఫోర్క్‌లిఫ్టులకు, చివరికి గేటు దగ్గర వేలిముద్ర వేసే డబ్బాకు కూడా బొట్టు పెట్టి దండం పెడతారు. పుష్పమ్మ పన్నెండేళ్లు గుమ్మడిదల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగింది. అక్కడ డ్రమ్ములకు కూడా బొట్టు పెట్టేది. గేమింగ్ జోన్‌కు వచ్చాక మూడేళ్లుగా ఇక్కడి పూజ కూడా ఆమె చేతి మీదే జరుగుతోంది. కారు రేసుల సీట్లకు, బొమ్మలు పట్టే మిషన్‌కు, బంతులు వేసే మిషన్‌కు తలా ఒక బొట్టు పెట్టింది. డ్యాన్స్ మిషన్‌కు మాత్రం నాలుగు బాణాల మీదా పసుపు రాసి, కుంకుమ పెట్టి, నడుమ పూలు పెట్టింది.

దానికి కారణం ఉంది. చేరిన కొత్తలో ఈ ఆటను చూడలేకపోయేదామె. వెలుగుతున్న వస్తువును జనం వరసకట్టి తొక్కడమేమిటని బాధపడేది. తుడుస్తున్నప్పుడు తన కాలు పీటకు తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకునేది. ఆడేవాళ్లు నవ్వేవారు.

“పొద్దంత అందరి తన్నులు తినే మిషన్ ఇదొక్కటే,” అన్నది గురువారం నాడు. “ఏడాదికి ఒక్కదినమన్న దీనికి దండం పెట్టొద్దా?”

ఎవరూ కాదనలేదు. అందరూ దండం పెట్టారు, అందరూ కొబ్బరి ముక్క తిన్నారు.

శుక్రవారం దసరా. మధ్యాహ్నానికల్లా జనం నిండిపోయారు. రెండు గంటలకు కుడి బాణం మొరాయించింది. ఎవరూ తొక్కకుండానే తొక్కినట్టు వెలిగి అలాగే ఉండిపోయేది. తొక్కితే పట్టించుకునేది కాదు. జోన్ మేనేజర్ రాకేష్ ఫొటోలు తీసి మిషన్ కంపెనీకి పంపాడు. అక్కడి ఇంజనీరు ఫొటోలో పసుపు మరకలు చూసి, నీళ్లు లోపలికి పోయాయని, అడుగు పీట మొత్తం మార్చాల్సిందేనని, విదేశం నుంచి రావడానికి రెండు నెలలు పడుతుందని ఫోన్లోనే తేల్చేశాడు. ఆదివారం ఇదే మిషన్ మీద పోటీ ఉంది. ముప్పై రెండు మంది పేర్లిచ్చారు. జోన్ యజమాని చంద్రకాంత్‌కు విషయం తెలిసి, శనివారం నాలుగింటికి తానే వస్తానని, అప్పటికి మిషన్ నడవకపోతే దానికి నీళ్లు పోసిన మనిషి మళ్లీ కనిపించకూడదని చెప్పాడు. రాకేష్ పొద్దున్నే జ్యోతికి ఫోన్ చేశాడు.

“నీళ్లు పొయ్యలే బిడ్డా,” అన్నది పుష్పమ్మ ఇప్పుడు. “బట్ట తడిపి, గట్టిగ పిండి, తుడిసిన. బకెట్ల నీళ్లు బకెట్లనే ఉండె. ఎవలకు సెప్పినా ఇంటలేరు.”

“నేను వింటున్న కదా పెద్దమ్మా. అటు జరుగు, వెలుగుకు అడ్డమున్నవ్.”

జ్యోతికి నలభై రెండేళ్లు. పటాన్‌చెరులో ఆమెను అందరూ కాంటా జ్యోతి అంటారు. పదో తరగతి అయ్యాక, పద్దెనిమిదేళ్లకు, తూకం మిషన్లు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. బరువు పడినప్పుడు వెంట్రుకవాసి వంగే చిన్న ఇనుప దిమ్మెలకు, ఆ వంపును పసిగట్టే పలుచటి రేకు ముక్కల్ని అతికించడం ఆమె పని. ఊపిరి గట్టిగా వదిలితే రేకు ఎగిరిపోయేది. పద్నాలుగేళ్లు అదే చేసింది. ఆ లైను వేరే రాష్ట్రానికి తరలిపోయినప్పుడు తోటి ఆడవాళ్లు ప్యాకింగ్ పనులు వెతుక్కున్నారు. జ్యోతి మార్కెట్ దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకుని, అన్ని రకాల కాంటాలు బాగుచేస్తామని బోర్డు పెట్టింది. కిరాణా షాపుల కాంటాలు, ఇనుప సామాను కొట్ల కాంటాలు, పసిపిల్లల్ని తూచే ఆసుపత్రి కాంటాలు ఆమె దగ్గరికి వచ్చేవి. సర్క్యూట్ బొమ్మలు చదవడం ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన బోర్డుల్ని ముందేసుకుని, ఒక్కో తీగ ఎక్కడికి పోతుందో వేలితో తడుముతూ నేర్చుకుంది.

మూడేళ్ల కిందట రాకేష్ ఒక రోజు ఆ బోర్డు చూసి బండి ఆపాడు. వెలిమెల ఊరి పిల్లాడు, మాటకారి. బండి ముందర డ్యాన్స్ మిషన్ బాణం పలక, దాని కింది చట్రం ఉన్నాయి.

“ఇదేం కాంటా తమ్మీ?” అని జ్యోతి అడిగింది.

“కాంటా గాదక్కా. దీని మీద ఎగురుతరు.”

“ఎగిరితే ఏమైతది?”

“ఎంత కరెక్టుగ ఎగిరినవో స్క్రీన్ మీద చెప్తది.”

“అయితే కాంటానే,” అని ఆమె చట్రాన్ని బల్ల మీదికి తీసుకుంది.

రెండు రోజుల్లో బాగుచేసి ఇచ్చింది. అప్పటికి ఈ చుట్టుపక్కల ఉన్న డ్యాన్స్ మిషన్ అదొక్కటే. జపాన్‌లో పాతికేళ్ల కిందటే పుట్టిన ఆట ఇక్కడికి ఇంత ఆలస్యంగా చేరింది. మొదట్లో తెల్లాపూర్ టవర్ల పిల్లలే ఆడేవారు. తర్వాత పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా, బిహార్ కుర్రాళ్లు వారం సెలవు రోజున చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి వరసలో నిలబడసాగారు. వాళ్లను చూసి మాల్ సెక్యూరిటీ ఆడవాళ్లు డ్యూటీ దిగాక ఒక పాట ఆడి వెళ్లేవారు. ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఇస్నాపూర్‌లో ఒక జోన్, బీరంగూడలో ఒకటి, సంగారెడ్డిలో ఒకటి తెరిచారు. ప్రతిదాంట్లో ఒక డ్యాన్స్ మిషన్, ప్రతి మిషన్‌కూ రోజుకు వేల తొక్కులు. తొక్కిన కొద్దీ స్క్రూలు వదులవుతాయి, రబ్బరు అరుగుతుంది, తీగలు తెగుతాయి. రాకేష్ మాట ఆ నోటా ఈ నోటా పాకి అవన్నీ జ్యోతి దగ్గరికే రాసాగాయి.

అంతటితో ఆగలేదు. జోన్‌కు రోజూ పోలేనివాళ్లు ఇంట్లో టీవీకి తగిలించుకునే పీట కావాలని అడిగారు. ప్లైవుడ్ చెక్క, పారిశ్రామికవాడలో కోత మిగిలిన ఉక్కు రేకులు, తనకు తెలిసిన కాంటా సెన్సర్లు కలిపి ఆమే ఒకటి తయారుచేసింది. ఇప్పటికి పదమూడు చేసింది. ప్రతిదాని అడుగునా చెరగని ఇంకుతో నంబరు రాస్తుంది. ఆమె మాత్రం ఏనాడూ పూర్తి పాట ఆడలేదు. నాలుగు బాణాలూ తొక్కి చూసి దిగిపోతుంది.

ఇప్పుడు చట్రం మీదికి టార్చి వేసింది. తీగలు వచ్చి కలిసే ప్లగ్గు మీద సన్నటి పసుపు పొడి కనిపించింది. ఇంజనీరు మాట గుర్తొచ్చింది. పసుపు చేరిన చోటికి నీళ్లు కూడా చేరి ఉంటాయనుకుంది. ప్లగ్గులు ఊడదీసి స్పిరిట్ అద్దిన దూదితో ఒక్కో పిన్నునూ తుడిచింది. కింది అంతస్తు బ్యూటీ పార్లర్ నుంచి రాకేష్ జుట్టు ఆరబెట్టే మిషన్ అడిగి తెచ్చాడు. దాంతో చట్రమంతా వేడి గాలి పట్టింది. గంటన్నర పట్టిన ఆ పని అయ్యాక పలక బిగించి మిషన్ ఆన్ చేసింది.

ఎవరూ తొక్కకుండానే కుడి బాణం భగ్గున వెలిగింది.

“ఎల్గుతున్నది కదా?” అన్నది పుష్పమ్మ ఆశగా.

“వెలగొద్దు పెద్దమ్మా. తొక్కితేనే వెలగాలె.”

మళ్లీ ఎనిమిది స్క్రూలు. ఈసారి నాలుగు సెన్సర్ పట్టీల్లో అనుమానంగా ఉన్నదాన్ని మార్చి కొత్తది వేసింది. బిగించింది. బాణం మళ్లీ తనంతట తానే వెలిగింది. ఒంటిగంటయింది.

రాకేష్ తాడు పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫోన్ మోగినప్పుడల్లా తెర చూసి జేబులో పెట్టేస్తున్నాడు.

“అక్కా, ఆ ఇంజనీరు చెప్పిందే నిజమేమో. మొత్తం పోయిందేమో.”

“పోయిందని చెప్పేటందుకు నన్నెందుకు పిలిచినవ్? ఫోన్ల ఆయన చెప్పనే చెప్పిండు కదా.”

“కోపం చెయ్యకక్కా. సార్ నాలుగింటికి వస్తడు, పరేషాన్ అయితున్న.”

“నువ్వెందుకు పరేషాన్? కొబ్బరి రెండు ముక్కలు నువ్వే తింటివి,” అన్నది పుష్పమ్మ. “తినేటప్పుడు బాగనే ఉండె. ఇప్పుడు పూజ నేనొక్కదాన్నే చేసినట్టు మాట్లాడుతుండ్రు.”

రాకేష్ తల గోక్కున్నాడు. పుష్పమ్మ అరచేతులు తిప్పి చూసుకుంది. డ్రమ్ములు కడిగినన్నాళ్లూ ఆ చేతులు పగిలి, మండుతుండేవి. ఇక్కడికొచ్చాక మానాయి.

“మళ్లా ఆ డ్రమ్ముల కాడికి పోవుడు నాతోని కాదు బిడ్డా,” అన్నది. “ఈడ చల్లగుంటది. పాటలుంటయ్. పని చేసినట్టే ఉండది నాకు.”

జ్యోతి అలెన్ కీ కింద పెట్టింది. వచ్చినప్పటి నుంచి చేసిందేమిటో ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుంది. చట్రం విప్పినప్పుడు అడుగున తుప్పు లేదు, తడి మరక లేదు, దుమ్ము పొడిపొడిగా ఉంది. అది తన కళ్లతోనే చూసింది. చూసి కూడా, మిషన్‌ను చూడని మనిషి ఫోన్లో చెప్పిన మాట పట్టుకుని లేని నీళ్లను రెండున్నర గంటలు ఆరబెట్టింది. కాంటాల దగ్గర ఆమె ఎప్పుడూ ఇలా చేయదు. షాపువాడు జబ్బు పేరు చెబితే చెవిన వేసుకోదు. ముందు రాయి పెట్టి చూస్తుంది.

సంచిలోంచి రెండు అయిదు కిలోల తూకం రాళ్లు తీసింది. ఒకదాన్ని ఎడమ బాణం మీద బెత్తెడు ఎత్తు నుంచి వదిలింది. ఠక్కుమన్నది. పై బాణం ఠక్కుమన్నది. కింది బాణం కూడా అంతే. కుడి బాణం మీద వదిలితే ఆ శబ్దం రాలేదు. మూట మీద పడినట్టు మెత్తగా అణిగిపోయింది.

“మ్యూజిక్ బంద్ చెయ్యి తమ్మీ,” అన్నది.

రాకేష్ పరుగెత్తి జోన్‌లో పాటలు ఆపాడు. జ్యోతి చెవి పీటకు దగ్గరగా పెట్టి, మళ్లీ ఒకసారి రాయి వదిలి విన్నది. ఈ చప్పుడు ఆమెకు తెలుసు.

మడిగె పెట్టిన మొదటి సంవత్సరం పెద్దరాములు అనే బియ్యం వ్యాపారి కాంటా తెచ్చాడు. సున్నా మీద నిలబడటం లేదన్నాడు. జ్యోతి లోపలి దిమ్మె మార్చి ఇచ్చింది. రెండు రోజులకు మళ్లీ తెచ్చాడు. బోర్డు మార్చింది. మళ్లీ తెచ్చాడు. మూడోసారి ఆయన షాపుకే వెళ్లి, నేల మీద పడుకుని చూసింది. పళ్లెం ఆనే రబ్బరు గుండీ పక్కన ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. పళ్లెం దాని మీద ఆని ఆగిపోతోంది. పెద్దరాములు నవ్వాడు కానీ ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత బియ్యం కొట్టు నుంచి ఏ కాంటా వచ్చినా ముందు రాయి వదిలి చప్పుడు వింటుంది. గింజ ఉంటే ఉక్కు ఉక్కులా మోగదు.

“పెద్దమ్మా,” అని తలెత్తింది. “పూజల అక్షింతలు వేసిన్రా?”

“ఎయ్యకుంట పూజెట్లయితది?”

“ఎక్కడ వేసిన్రు?”

“మిషన్ మీదనే. అందరు తలో పిడికెడు ఏసిన్రు. ఫస్టు సారే ఏసిండు. పసుపుల జెర నెయ్యి కలిపి మంచిగ తడిపిన కూడ.”

“మళ్లా ఊడ్చినవా?”

“పైనవి ఊడ్సిన. సందులల్ల పోయినయి నాకెట్ల కనబడతయ్?”

జ్యోతి మళ్లీ ఎనిమిది స్క్రూలు విప్పింది. ఈసారి సెన్సర్ల వైపు చూడనే లేదు. పలక అంచు ఆనడానికి చట్రం చుట్టూ ఒక గాడి ఉంటుంది. గాడిలో నల్లటి రబ్బరు తాడు కూర్చుని ఉంటుంది. కరెంటుతో సంబంధం లేని భాగమని పొద్దుటి నుంచి దాన్ని కదపలేదు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో ఒక కొస లేపి, పట్టకారుతో మెల్లగా లాగింది. రబ్బరు వెనక గాడిలో ఒక పక్క పొడవునా పసుపు పచ్చగా గింజలు వరసకట్టి ఉన్నాయి. దసరా రోజు జనం ఎగిరి ఎగిరి తొక్కిన తొక్కుడుకు కొన్ని పిండైపోయి, నెయ్యితో కలిసి గట్టిపడ్డాయి. ఒక పక్క పలకను అవి ఎత్తిపట్టాయి. దాంతో ఎదుటి పక్క అంచు దిగి సెన్సర్‌ను అదిమిపెట్టే ఉంచింది.

“అమ్మో, ఇంత దూరం పోయినయా,” అన్నది పుష్పమ్మ. ఆమె గొంతులో భయం పోయి ఆశ్చర్యం వచ్చింది.

జ్యోతి ఇంకో పచ్చడి సీసా మూత తీసి, గింజల్ని ఒక్కొక్కటే పట్టకారుతో అందులో వేసింది. చితకనివి ఇరవై మూడు. గట్టిపడిన పిండిని గోటితో, తర్వాత పాత పళ్ల బ్రష్షుతో, తర్వాత స్పిరిట్‌తో తీసింది. ఒక బాణంలో దొరికింది కాబట్టి మిగతా మూడూ విప్పాల్సిందే. పై బాణంలో నాలుగు గింజలు దొరికాయి. ఎడమదాంట్లో ఒకటి. కిందిదాంట్లో ఒక రూపాయి బిళ్ల, ఎవరిదో చెవి కమ్మ సీల దొరికాయి. సీలను రాకేష్ కౌంటర్ దగ్గర దాచాడు. నాలుగు పలకలూ తిరిగి బిగించేసరికి మూడు దాటింది. స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించింది. ఒక మూలను ముందే పూర్తిగా బిగిస్తే పలక వాలుతుంది.

మిషన్ ఆన్ చేసింది. నాలుగు బాణాలూ ఆరిపోయి ఉన్నాయి. కుడి బాణం మీద రాయి వదిలింది. ఠక్కుమని, వెలిగి, ఆరింది.

రాకేష్ చప్పట్లు కొట్టబోయాడు.

“ఆగు,” అన్నది జ్యోతి. “రాయి ఎగరదు. మనిషి ఆడాలె. షూలు లేకుండ, మెత్తగ తొక్కే మనిషి. గట్టిగ తొక్కితే ఎట్లైనా పలుకుతది. పెద్దమ్మా, ఎక్కు.”

“నేనా? బాగున్నది నీ మాట. నేనెక్కుడేంది?”

“మూడేండ్లు చూస్తున్నవ్. ఏ పాట ఎక్కడ ఆగుతదో నీకు తెల్వదా?”

“తెలుస్తది. తెలుసుడు ఏరే, తొక్కుడు ఏరే.”

“బతుకమ్మ ఆడినవా మొన్న?”

“తొమ్మిదొద్దులు ఆడిన. ఆడకుంట ఉంటనా?”

“గట్లనే అడుగెయ్యి. గుండ్రంగ తిరగకుండ ఒక్క కాడనే నిలబడు.”

పుష్పమ్మ చెప్పులు విప్పి తాడు అవతల పెట్టింది. పీట ముందు వంగి, రెండు చేతులతో కుడి బాణాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది. “నీ బాగు కోసమే తల్లీ, ఏమనుకోకు,” అని, కొంగు నడుముకు దోపి ఎక్కింది. రాకేష్ నెమ్మదైన పాట పెట్టాడు. ఏ భాషదో ఆమెకు తెలియదు, కానీ రోజుకు ముప్పైసార్లు వినే పాట అది.

మొదటి నాలుగు బాణాలూ తప్పాయి. అయిదోదానికి అడుగు కలిసింది. ఆమె తెర వైపు కూడా అంతగా చూడలేదు. తాళం ఎక్కడ పడుతుందో ముందే తెలిసిన మనిషిలా ఒక అడుగు పక్కకు, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ నెమ్మది అడుగులకు కూడా కుడి బాణం పలికింది. ప్రతిసారీ పలికింది. పక్క మిషన్ల దగ్గర ఉన్నవాళ్లు లేచి వచ్చి తాడు చుట్టూ నిలబడ్డారు. పాట మధ్యలో రెండు చేతులూ కలిపి చప్పట్లు వేయబోయి, ఇది బతుకమ్మ కాదని గుర్తొచ్చి ఆపుకుంది. జ్యోతి ఆమె కాళ్లనూ, తెర మీద లెక్కనూ మాత్రమే చూస్తోంది. కుడి బాణానికి పడిన అడుగులు పంతొమ్మిది. పంతొమ్మిదీ నమోదయ్యాయి.

పాట ఆగింది. తెర మీద పెద్ద ఆకుపచ్చ అక్షరం పడింది.

“బి వచ్చింది పుష్పమ్మా,” అన్నాడు రాకేష్.

“బి అంటే పాసా, ఫేలా?”

“పాసే.”

“బడి మొఖం సూడకుంటనే పాసయిన,” అని ఆమె పీట దిగింది. దిగి మళ్లీ ఒకసారి ముట్టుకుని కళ్లకద్దుకుంది.

చంద్రకాంత్ నాలుగుకు పది నిమిషాల ముందే వచ్చాడు. అప్పటికి జ్యోతి మిషన్ పక్క గోడ దగ్గర ఏదో బిగిస్తోంది. ఆయన పలకరించకుండా షూలతోనే పీట ఎక్కి, కుడి బాణాన్ని తొక్కాడు. వెలిగి ఆరింది. గట్టిగా తొక్కాడు, మెల్లగా తొక్కాడు, రెండు కాళ్లతో ఎగిరి దూకాడు.

“కంపెనీవాళ్లు రెండు నెలలన్నరు కదా,” అన్నాడు.

“వాళ్లు ఫొటో చూసి చెప్పిన్రు సార్. నేను విప్పి చూసిన.”

“లోపల నీళ్లు ఎంత ఉండె?”

“చుక్క లేదు. పిండిన బట్టతోని తుడిస్తే నీళ్లు కిందికి పోవు.” ఆమె పచ్చడి సీసా మూతను ఆయన ముందు కౌంటర్ మీద పెట్టింది. “ఇవి ఉండె.”

చంద్రకాంత్ మూతను వెలుగుకు ఎత్తి చూశాడు. “ఏందివి?”

“అక్షింతలు సార్.”

“ఎవరేసిన్రు మిషన్ల అక్షింతలు?”

పుష్పమ్మ నేల చూసింది. జ్యోతి తన పానాలు సంచిలో సర్దుకుంటోంది. రాకేష్ ఒక్క క్షణం తటపటాయించి, ఫోన్ తీసి ముందుకు చాపాడు.

“వీడియో ఉన్నది సార్. మీరే జోన్ గ్రూపుల పెట్టమన్నరు.”

అందులో చంద్రకాంత్ పట్టుచొక్కా వేసుకుని, పళ్లెంలోంచి దండిగా పిడికెడు అక్షింతలు తీసి, కెమెరా వైపు చూసి నవ్వుతూ డ్యాన్స్ మిషన్ మీద చల్లుతున్నాడు. అది చాలదన్నట్టు రెండో పిడికెడు కూడా తీశాడు. అది కుడి బాణం మీద పడింది.

వీడియో అయిపోయింది. ఆయన ఇంకోసారి పెట్టుకుని చూశాడు. చూసి ఫోన్ రాకేష్‌కు ఇచ్చేశాడు.

“ఇందుల సగం నావే ఉంటయి,” అన్నాడు మూత వైపు చూసి.

“సగం కన్న ఎక్కువనే సార్,” అన్నది పుష్పమ్మ మెల్లగా. “మీ చెయ్యి పెద్దది.”

రాకేష్ అటు తిరిగి దగ్గాడు. చంద్రకాంత్ ముందు బిగుసుకుని, తర్వాత తానూ నవ్వేశాడు.

“రేపు తొమ్మిదింటికే రా పుష్పమ్మా. ముప్పై రెండుమంది ఆడుతరు, అద్దం లెక్క ఉండాలె.”

“ఎనిమిదింటికే వస్త.”

ఆయన జ్యోతి బిగించినదాని దగ్గరికి వెళ్లాడు. మిషన్ పక్కన, నడుము ఎత్తులో, ఖాళీగా ఉన్న రెండు స్క్రూ రంధ్రాలకు అరచేయంత స్టీలు పళ్లెం బిగించి ఉంది. పాత చిన్న కాంటా పళ్లెం అది. చుట్టూ అంచు ఉంది.

“ఇదేంది?”

“వచ్చే ఏడాది బొట్టు ఈడ పెట్టండి. పూలు, అక్షింతలు గిందులనే వెయ్యండి. కొత్తగ రంధ్రం కొట్టలేదు సార్, ఉన్నవాటికే బిగించిన. వద్దంటే తీస్త.”

“ఉండనియ్యి,” అన్నాడు ఆయన.

పుష్పమ్మ కొంగుతో ఆ పళ్లేన్ని ఒకసారి తుడిచింది. తాడు అవతల గోడకు ఆనించి ఉన్న మాపు కర్రను తెచ్చుకుని, తన అడుగులు పడిన చోట పీటను తుడవసాగింది. బట్టను ముందు బకెట్ మీద రెండుసార్లు పిండింది.

జ్యోతి తూకం రాళ్లు సంచిలో వేసుకుంది. మార్చిన సెన్సర్ పట్టీ చెడిపోలేదు కాబట్టి దాన్ని కాగితంలో చుట్టి, మీద ‘కుడి బాణం, మంచిదే’ అని రాసి రాకేష్‌కు ఇచ్చింది. రూపాయి బిళ్లను కూడా ఇచ్చింది. విప్పిన స్క్రూలన్నీ తిరిగి ఎక్కాయి, పచ్చడి సీసా మూత ఖాళీగా ఉంది. దాన్ని తుడిచి సంచిలో పెట్టుకుంది. ఆఖరున మిషన్ వెనక తలుపుకు తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి రాకేష్ చేతిలో పెట్టింది.

“ఇగ తాడు తీసెయ్యి తమ్మీ. ఆడనియ్యి.”